కంచె లోపలికి పోయిన మూల

మా సత్సంగంలో ఒక నియమం ఉంది. గ్రంథం చదివేవాణ్ణి మధ్యలో ఆపకూడదు. సందేహం వచ్చినా, దగ్గు వచ్చినా ఓర్చుకోవాలి. హారతి అయ్యాకే నోరు విప్పాలి.

ఉప్పళం పేటలో ఒక మేడమీది గదిలో ప్రతి శనివారం సాయంత్రం కూడతాం. అందరూ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే, కానీ బడిలో తమిళం చదివినవాళ్ళు. మా తాత పట్టుబట్టి నేర్పడం వల్ల నాకు తెలుగు అక్షరాలు వచ్చాయి. అందుకని చదివే సేవ ఏళ్ళ తరబడి నాకే దక్కింది. మిగతా రోజుల్లో నేను వకీలును. సారం అనే పేటలో ఆఫీసు. సోలార్ ప్లాంట్లు పెట్టేవాళ్ళకూ, వాటికి భూమి ఇచ్చేవాళ్ళకూ సలహా చెబుతాను. విద్యుత్ కమిషన్‌లో వాళ్ళ కాగితాలు దాఖలు చేస్తాను.

కిరుమాంబాక్కం నుంచి ఒక పెద్దాయన బస్సెక్కి సత్సంగానికి వచ్చేవాడు. చుట్టరికం లేకపోయినా నేను మామా అనేవాణ్ణి. గ్రంథం చదివే మనిషినని ఆయన నన్ను సామీ అనేవాడు. ఆయన పొలంలో ఉప్పునీరు ఊరి వరి పండటం మానేసింది. ఒక సోలార్ కంపెనీ దాన్ని పాతికేళ్ళ కౌలుకు అడిగింది. దస్తావేజు తీసుకుని, కోడల్ని వెంటబెట్టుకుని నా ఆఫీసుకు వచ్చాడు.

"అంతా ఇంగ్లీషులో ఉండాది సామీ. నువ్వు చదివి మన మాటలో చెప్పు, చాలు." చెప్పులు గుమ్మం బయటే విప్పాడు. కాగితాలు కళ్ళకద్దుకుని నా చేతికిచ్చాడు.

కోడలు నవ్వింది. "ఏంది మామా, కరెంటోళ్ళ కాగితానికి కూడా దండమా? కర్పూరం తెచ్చుంటే సరిపోయుండు."

"నువ్వు ఊరుకో మే."

నేను చదివాను. కరెంటు కొనుగోలు ఒప్పందం రద్దయితే కౌలు ఏమవుతుందో, గడువు తీరాక సోలార్ పలకలు ఎవరు పీకి నేల చదును చేయాలో అన్నీ విప్పి చెప్పాను. చివర షెడ్యూలు వచ్చింది. సర్వే నంబర్లు, వాటి ఉపవిభాగాలు, హద్దులు. శ్లోకాల్లో పేర్ల వరుస వస్తే ఒక్క ఊపిరిలో దాటించడం నాకు అలవాటు. ఆ నంబర్లనూ అలాగే దాటించాను. పెద్దాయన ఒకసారి తలెత్తి నా వంక చూశాడు. శ్రద్ధగా వింటున్నాడనుకున్నాను. చదవడం ముగించి, అలవాటు కొద్దీ చేతులు జోడించాను. ఆయనా జోడించాడు. తమిళంలో సంతకం పెట్టాడు.

కొన్ని నెలల తర్వాత ఒక శనివారం, హారతి కళ్ళకద్దుకున్నాక నా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు.

"సామీ, దక్షిణం మూల కంచె లోపలికి పోయింది."

"ఏ మూల మామా?"

"మీ అత్త ఉండే మూల."

వాళ్ళ ఇంట్లో పోయినవాళ్ళను దహనం చేయరు, పొలంలోనే పూడుస్తారు. ఆయన భార్య సమాధి ఆ మూల ఉంది. ప్రతి శుక్రవారం అక్కడ దీపం పెట్టేవాడు. నాకు ఈ సంగతి తెలియదు. సంతకానికి ముందు ఆ పొలంలో నేను అడుగు పెట్టలేదు. ఆ మూల వదిలేయమని ఆయన ముందే కంపెనీ మనిషికి నోటిమాటగా చెప్పాడట. అతను సరేనన్నాడట.

"నేను నంబర్లు చదివేటప్పుడు ఆ మూల నంబరు కూడా వచ్చె గదా మామా. గుర్తుపట్టలేదా?"

"నా నేల నంబరు నాకు తెలీదా సామీ? గుర్తుపడితి."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"నువ్వు చదవతా ఉంటివి. మధ్యలో యాట్లా ఆపేది? అయిపోయినాక నువ్వు చేతులు జోడిస్తివి. అన్నీ చూసే చదివింటాడు అనుకుంటి."

నిష్ఠూరం లేదు ఆ గొంతులో. ఉండి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

కంపెనీకి ఉత్తరాలు రాశాను, వెళ్ళి కూర్చున్నాను. మేనేజరు మర్యాదగానే మాట్లాడాడు. ప్లాంటు నక్షాకు కమిషన్ ఆమోదం అయిపోయింది. ఒక వరుస పలకలు తీసేస్తే మళ్ళీ ఆమోదానికి వెళ్ళాలి, ఈలోగా కరెంటు ఇవ్వడం మొదలుపెట్టాల్సిన గడువు దాటిపోతుంది, ఒప్పుకున్న రేటు చేజారుతుంది. "ఇదంతా మీకు నేను చెప్పాలా సార్?" అన్నాడు. చెప్పక్కర్లేదు. వేరే కంపెనీల తరఫున ఆ వాదన నేనే ఎన్నోసార్లు రాశాను.

చివరికి సాధించింది ఇంతే: సమాధి గట్టు పగలగొట్టరు. ముందుగా ఉత్తరం రాస్తే ఏడాదికి రెండుసార్లు లోపలికి రానిస్తారు. హెల్మెట్ పెట్టుకోవాలి. నిప్పు వెలిగించకూడదు.

ఆమె తిథి నాడు ఆయనతో నేనూ వెళ్ళాను. గార్డు ఇచ్చిన పసుపు హెల్మెట్ పెట్టుకుని, పలకల కింద వంగి వంగి నడిచాడు. గట్టు మీద నీళ్ళు చల్లాడు, మల్లెపూలు పెట్టాడు. దీపం పెట్టే గూట్లో పాత నూనె మరకను వేలితో తడుముతూ చాలాసేపు కూర్చున్నాడు.

"ఎండ తగలదులే ఇంక దీనికి," అన్నాడు.

నారాయణ నామం తలుచుకోబోయాను. చిన్ననాటి నుంచి నాలుక మీద ఉన్న పేరు, ఆ పూట రాలేదు. తెలియక చేసిన తప్పును భగవంతుడు క్షమిస్తాడని సత్సంగంలో ఎన్నిసార్లో చెప్పాను. ఇప్పటికీ నమ్ముతాను. కానీ నాది తెలియక చేసింది కాదు, తెలుసుకోకుండా చేసింది.

బయటికి వచ్చేటప్పుడు గార్డు సంతకానికి రిజిస్టరు ముందుకు తోశాడు.

"ఏం రాసినాడు సామీ?" అని అడిగాడు పెద్దాయన.

ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు చదివి చెప్పాను. "తనిఖీకి వచ్చినట్టు రాసినాడు మామా."

"తనిఖీ ఏంది?" ఆయన గార్డు వైపు తిరిగి, భార్యను చూడటానికి వచ్చానని రాయి నాయనా, అని తమిళంలో చెప్పాడు. గార్డు ఇబ్బంది పడ్డాడు. వచ్చిన పని రాసే ఆ గడిలో ఏమేం రాయాలో తనకొక పట్టీ ఇచ్చారనీ, అందులో ఇది లేదనీ అన్నాడు.

పెద్దాయన గార్డు ఇచ్చిన కలం మూసి బల్ల మీద పెట్టేసి, సంతకం చేయకుండానే కడలూరు రోడ్డు వైపు నడిచాడు. హెల్మెట్ ఇంకా తల మీదే ఉంది. గార్డు పిలవబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను.