నీళ్లు తాగని కృపారాణి

ఆత్మకూరు బస్టాండు దగ్గరి బట్టల షాపులో కృపారాణి తొమ్మిదేళ్లు దాహం చంపుకుని చీరలు అమ్మింది. పొద్దున రెండు గుక్కలు, మధ్యాహ్నం అన్నంలోకి అరగ్లాసు, అంతే. మూడంతస్తుల షాపులో ఆడ పనివాళ్లకు ఒకటే మరుగుదొడ్డి. దాని తాళంచెవి మేనేజర్ పెంచలప్రసాద్ జేబులో ఉంటుంది. అడిగితే ఇస్తాడు. ఇచ్చేముందు బేరానికొచ్చిన వాళ్లందరికీ వినబడేలా, "మళ్లీనా తల్లీ? ఆ పనేందో ఇంటికాడే కానిచ్చుకోని రాకూడదా?" అంటాడు. ఆ మాట పడలేక ఆమె నీళ్లే మానుకుంది. కొత్తగా చేరిన ఏంజెలిన్‌కు చీర మడత పెట్టడం కన్నా ముందు ఈ ఒడుపే నేర్పింది.

పోయినేడు రెండుసార్లు చలిజ్వరంతో మంచం పట్టింది. నెల్లూరు డాక్టరు స్కానింగు చూసి ఒక కిడ్నీ ముడుచుకుపోయిందన్నాడు. రెండోదాన్నయినా కాపాడుకోవాలంటే నీళ్లు బాగా తాగాలి, ఆపుకోకూడదు అని గట్టిగా చెప్పాడు. "అట్నే సార్" అని వచ్చి, మర్నాడు తన ఊరు ఉదయగిరిలో బస్సెక్కి మళ్లీ షాపుకే పోయింది.

యజమాని కోడలు మధులతకు ఒక ప్రేమ సినిమా అంటే ప్రాణం. గ్రీసు దీవిలో పోట్లాడుకుంటూ పెళ్లిదాకా వచ్చే జంట నవ్వుల కథ. అది విడుదలై ఇరవై ఏళ్లయిందని ఫంక్షన్ హాల్లో పార్టీ పెట్టింది. నీలం తెలుపు తెరలు, థర్మాకోల్ స్తంభాలు, ఆలివ్ కొమ్మలు దొరక్క వేపకొమ్మలు. స్తంభాల పక్కన పాలరాతి బొమ్మలు కూడా ఉండాలనుకుంది. వాటికి షాపు అమ్మాయిలు ఉండనే ఉన్నారు.

"పొడుగ్గా ఉండావు కృపా, అచ్చం దేవతే! నాలుగ్గంటలు కదలకుండా నిలబడు, చాలు."

"మేడమ్, నాకు కిడ్నీ..."

"షాపులో పొద్దస్తమానం నిలబడే ఉంటావు గదా, ఇదేం కష్టం?"

ముఖానికీ చేతులకూ తెల్లరంగు పూశారు. ఒంటికి తెల్లగుడ్డ చుట్టి పిన్నులతో బిగించారు. విప్పితే మళ్లీ కట్టేవాళ్లుండరని కృపారాణి ఆ పొద్దంతా చుక్క నీళ్లు ముట్టలేదు.

వచ్చినవాళ్లు సెల్ఫీలు దిగారు. ఒకామె బుగ్గ గిల్లి, "అమ్మో, దీనికి ప్రాణం ఉండాదే!" అంది. పక్కనున్నాయన, "ఊపిరి పీల్చినావంటే ఫెయిలే అమ్మాయ్" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు.

పక్క స్తంభం దగ్గర బొమ్మగా నిలబడిన ఏంజెలిన్ పెదవులు కదపకుండా, "అక్కా, వొణకతా ఉండావు. దిగుదాం రా" అంది.

"కేకు కోస్తే అయిపోతాది. ఊరుకోమ్మే."

ముఖం ఎంత పాలిపోయిందో ఆ రంగు కింద ఎవరికీ కనబడలేదు. కేకు కోసే వేళకు ఆమె స్తంభంతో సహా కూలిపోయింది. అదీ ఆటలో భాగమేననుకుని జనం చప్పట్లు కొట్టారు. "నిజంగానే పడిపోయింది సార్!" అని ఏంజెలిన్ అరిచేదాకా చప్పట్లు ఆగలేదు.

రెండో కిడ్నీ కూడా చేతులెత్తేసింది. ముప్పైనాలుగేళ్లకే కృపారాణికి వారానికి మూడు డయాలసిస్‌లు. ఇప్పుడామెకు తాగాలని ఉన్నా, రోజుకు అరలీటరు దాటొద్దంటున్నాడు అదే డాక్టరు.

మొన్న షాపు కిటకిటలాడుతున్న వేళ ఏంజెలిన్ గట్టిగానే తాళంచెవి అడిగింది. "నీకూ మొదలైందా?" అన్నాడు పెంచలప్రసాద్. చీరలు చూస్తున్నవాళ్లు తలెత్తలేదు.

మీరు తలెత్తండి. ఈసారి బట్టల షాపుకు పోయినప్పుడు, చీరలు పరిచే అమ్మాయి తాళంచెవి అడిగితే ఆమె పక్కన నిలబడి మీరూ అడగండి. ఇవ్వకపోతే కొనకుండా లేచి రండి. వచ్చి ఊరుకోకండి, ఆ షాపు పేరు రాసి లేబర్ ఆఫీసులో కాగితం ఇవ్వండి.