ఒకసారి నొక్కితే అవును

అమ్మ పనిచేస్తుంటే నేను మొదటిసారి చూసేనాటికి నా బీకాం అయిపోయి ఏడాది దాటింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమె నర్సే. పదో తరగతి దాకా నేను చదివింది కూడా ఇక్కడే, సౌదీలో, ఈ బురైదాలోనే, ఆమె ఆసుపత్రికి నాలుగు వీధుల అవతల. అయినా నాకు తెలిసిన నర్సు అంటే, సాయంత్రం ఇంటికొచ్చి బూట్లు బయటే విడిచి, ఎవరితోనూ మాట్లాడకుండా స్నానానికి పోయి, తర్వాత ప్లాస్టిక్ టబ్బులో ఉప్పేసిన వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కళ్ళు మూసుకునే మనిషి. మా నాన్న ఏసీ మెకానిక్. ఆయన అన్నం తింటూ కూడా ఏసీల గురించి చెబుతూనే ఉంటాడు. అమ్మ మాత్రం ఆసుపత్రి మాటని గుమ్మం దాటి లోపలికి రానిచ్చేది కాదు.

ఇంటర్‌కీ డిగ్రీకీ నన్ను కాకినాడ పంపింది అమ్మే. బీకాం చదవమన్నదీ ఆమే. "కుర్చీలో కూర్చుని చేసే పని నేర్చుకో, అది చాలు నాకు" అనేది. నేర్చుకున్నాను. తిరిగొచ్చి ఇంట్లోంచే ఒక ఆఫీసుకి అకౌంట్స్ చూసేదాన్ని. కుర్చీ మంచిదే, నాకే అందులో ఊపిరాడలేదు. అలాంటప్పుడు ఆస్ట్రేలియాలో ఒక యూనివర్సిటీ కోర్సు కంటబడింది. వేరే ఏ డిగ్రీ చేసినవాళ్ళయినా సరే, రెండేళ్ళు చదివితే నర్సు కావచ్చు. నర్సు ఎందుకు కావాలనుకుంటున్నావో ఒక పేజీ రాసి పంపాలి, రోగుల దగ్గర కొన్నాళ్ళు మెలిగిన అనుభవం ఉంటే చూపాలి, ఆ తర్వాత ఇంటర్వ్యూ.

పేజీ ముందే రాసేశాను. త్యాగం, ఓర్పు, చల్లని చేయి, ఇంటర్నెట్‌లో దొరికినవన్నీ కూరి, చివర్లో మా అమ్మని తెచ్చి పెట్టాను. అమ్మ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే తెలుగు చేసి వినిపించాను.

"ఎవరే ఈవిడ?" అంది. "నాకంటే చాలా మంచిదానిలాగుందే."

నవ్వింది గానీ, అది దేనికోసం రాశానో చెప్పగానే కత్తి ఆగిపోయింది.

"నిన్ను బీకాం చదివించింది ఇందుకా? నా నడుం చూశావా? నా కాళ్ళు చూశావా? ఇంటికి ఒకత్తి చాల్లే."

వారం రోజులు ఇంట్లో గిన్నెలు మాట్లాడాయి తప్ప మేమిద్దరం మాట్లాడుకోలేదు. "ఇద్దరిదీ ఒకటే మొండితనం, మధ్యలో నన్ను లాగకండి" అని నాన్న ఏసీ రిమోట్ పట్టుకుని కూర్చున్నాడు. చివరికి అమ్మే దిగొచ్చింది. దిగొచ్చిందని నేననుకున్నాను.

"మా వార్డులో వాలంటీర్లని తీసుకుంటున్నారు. ఒక్క వారం రా. కళ్ళారా చూడు. ఆ తర్వాత నేను వద్దంటే వద్దంతే. మళ్ళీ నా దగ్గర ఈ మాట ఎత్తకూడదు. సరేనా?"

సరేనన్నాను. అప్లికేషన్ గడువు ఆ పై వారంతో అయిపోతుంది. నేను ఒకసారి సరేనంటే దాని మీదే ఉంటానని ఆమెకి తెలుసు, నన్ను అలా పెంచింది ఆమేగా. మూడో రోజుకి ముక్కు మూసుకుని పారిపోతానని ఆమె లెక్క.

మొదటి రోజు పొద్దున్న వార్డు తలుపు దాటగానే మా అమ్మ మారిపోయింది. ఇంకెలా చెప్పాలో నాకు తెలియదు. ఇంట్లో నీరసంగా, సగం మింగేసి మాట్లాడే మనిషి, అక్కడ గొంతెత్తి ఆ చివరి మంచం దాకా వినిపించేలా సలాం చెప్పింది. నాకు అంగళ్ళలో బేరమాడే అరబీ తప్ప రాదు. ఆమె అరబీలో జోకులేస్తోంది. ఖర్జూరం తోటల నుంచి వచ్చిన ముసలమ్మలు పళ్ళు లేని నోళ్ళు తెరిచి నవ్వుతున్నారు. ఒకావిడ మందు మింగనని మొహం తిప్పుకుంటే, అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని అలిగినట్టు నటించింది. ఆవిడ మింగేసింది. ఆ అలక నాకు తెలుసు. చిన్నప్పుడు నేను అన్నం తిననంటే నటించిన అలక అదే.

సూది పెట్టేముందు, అల్లా పేరు తలుస్తూ, "బిస్మిల్లా" అంది. యేసయ్య పేరు తలుచుకోకుండా మమ్మల్ని ముద్ద ముట్టనివ్వని మనిషి! నా కళ్ళు పెద్దవవడం చూసింది.

"సూది నాది, చెయ్యి ఆవిడది," అంది తెలుగులో, తల ఎత్తకుండానే. "ఆవిడకి ధైర్యమొచ్చే మాట అనాలిగా."

ఇంకోటి కూడా గమనించాను. ఆమె ఎవరినీ అడక్కుండా ముట్టుకోదు. దుప్పటి తీయాలన్నా, దిండు జరపాలన్నా, ముందు చేతులు చూపించి అడుగుతుంది. వాళ్ళు తలూపాకే చేయి వేస్తుంది. వార్డంతా హడావుడిగా ఉన్నా ఆ అడగడం మాత్రం ఆగదు. ఇన్నేళ్ళూ నేను ఎవరితో ఒకే ఇంట్లో ఉన్నానో నాకే అర్థం కాక, మందుల ట్రాలీ పక్కన నోరు తెరుచుకుని నిలబడ్డాను.

చివరి గదిలో ఒక పెద్దావిడ ఉండేది. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట కూడా పోయింది. ఎడమ చేయి మాత్రం బాగానే ఆడుతుంది. అమ్మ ఆవిడని "యుమ్మా" అని పిలిచేది, అంటే అమ్మా అని. వాళ్ళిద్దరికీ ఒక ఒప్పందం ఉంది. అమ్మ తన చేతిని ఆవిడ ఎడమ చేతిలో పెట్టి అడుగుతుంది. ఒకసారి నొక్కితే అవును. రెండుసార్లు నొక్కితే కాదు. నీళ్ళు కావాలా, పక్కకి తిప్పనా, కొడుకుని లోపలికి రమ్మననా, అన్నీ అలాగే నడిచిపోయేవి. నాకు కూడా నేర్పింది. నేను తినిపిస్తే ఆవిడ తినేది, దానికే నేను గాల్లో తేలిపోయాను.

తర్వాతొక మధ్యాహ్నం ఆ గదిలోకి వెళ్ళేసరికి మంచం గదికి అడ్డంగా ఉంది. ఇక్కడ ఆసుపత్రి గదుల్లో మక్కా ఏ దిక్కున ఉందో చూపిస్తూ పైకప్పుకి ఒక బాణం గుర్తు అంటించి ఉంటుంది. తలెత్తి చూస్తే ఆవిడ కాళ్ళు సరిగ్గా ఆ బాణం వైపే చాపి ఉన్నాయి. మా ఇంట్లో బైబిలు పెట్టిన బల్ల వైపు కాళ్ళు చాపితే అమ్మ తొడపాశం పెట్టేది. దేవుడి వైపు కాళ్ళు చాపడమా? పాపం ఆవిడ చెప్పుకోలేదు, నేల తుడిచేవాళ్ళు జరిపి అలాగే వదిలేసి ఉంటారు అనుకున్నాను. నేల తుడిచే బంగ్లాదేశీ ఆమెని పిలిచి, వచ్చీరాని హిందీలో సాయమడిగి, మంచం బ్రేకులు తీసి, ఇద్దరం కలిసి జాగ్రత్తగా తిప్పాం. ఇప్పుడు తల బాణం వైపు, కాళ్ళు తలుపు వైపు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అంతలో బయట మసీదు నుంచి నమాజు పిలుపు వినిపించింది. పెద్దావిడ ఎడమ చేత్తో మంచం కమ్మీని కొట్టడం మొదలుపెట్టింది. కళ్ళ వెంట నీళ్ళు. పరిగెత్తుకెళ్ళి చేయి పట్టుకున్నాను. నీళ్ళా? రెండుసార్లు నొక్కింది. నొప్పా? రెండుసార్లు. చలా? గోళ్ళు దిగేలా రెండుసార్లు. అన్నీ అడిగాను గానీ మంచం సంగతి అడగాలని మాత్రం తట్టలేదు. అది నేను చేసిన మంచిపని కదా మరి.

అమ్మ వచ్చింది. ఆవిడ మొహం చూసింది, మంచం చూసింది, ఒక్కసారి పైకప్పు వైపు చూసింది. నాతో కలిసి మంచాన్ని మళ్ళీ వెనక్కి తిప్పింది, తలవైపు కాస్త ఎత్తు చేసింది, చేతిని ఆవిడ చేతిలో పెట్టి "ఇలాగేనా యుమ్మా?" అని అరబీలో అడిగింది. ఒకసారి.

తర్వాత తెర లాగి, గుమ్మం దగ్గర నిలబడింది. రక్తం తీయడానికి వచ్చిన అతన్ని చేత్తోనే ఆపింది. లోపల పెద్దావిడ పెదాలు సగమే కదులుతున్నాయి. ఒంగలేని మనిషి కనురెప్పలు వాల్చి ఒంగుతోంది, మళ్ళీ రెప్పలెత్తి లేస్తోంది. అరవడం, ఏడవడం అంతా ఎటో పోయి, ఆ మొహం తేటగా అయిపోయింది. గుమ్మంలో నా తల్లి, తన దేవుడు కాని దేవుడి ముందు, తన తల్లి కాని తల్లికి కాపలా కాస్తోంది. చర్చిలో కూడా నేనంత నిశ్శబ్దంగా ఎప్పుడూ నిలబడలేదు.

అంతా అయ్యాక చేతులు కడుక్కునే చోటికి నన్ను తీసుకెళ్ళింది. ఖలాస్, నా అప్లికేషన్ పని అయిపోయిందనుకున్నాను.

"కాళ్ళు అటువైపు ఉన్నాయని తిప్పావా?"

తలూపాను.

"పడుకున్న మనిషి లేచి కూర్చుంటే మొహం ఎటుంటుందే? కాళ్ళు ఎటుంటే అటే కదా. లేవలేనివాళ్ళు అలా పడుకునే నమాజు చేస్తారు. ఆవిడే చెయ్యి నొక్కి చెప్పి తిప్పించుకుంది నా చేత."

"దేవుడి వైపు కాళ్ళు... నాకేదోలా అనిపించి..."

"నీకనిపించింది. ఆవిడనడిగావా?"

చేతుల మీది సబ్బు నురగ కడిగేసుకున్నాను.

"మన పద్ధతి మనింట్లో. ఆ మంచం మీద ఉన్నన్నాళ్ళూ అది ఆవిడిల్లు," అని నాకు తువ్వాలు అందించి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న ఆవిడ దగ్గరికి వెళ్ళడానికి నాకు కాళ్ళు రాలేదు. కానీ వెళ్ళాను. చేతిని ఆవిడ చేతిలో పెట్టి, తినిపించనా అని అడిగాను. చాలాసేపు నన్ను చూసి ఒకసారి నొక్కింది. నాకు స్కూల్లో ఫస్ట్ వచ్చినప్పుడు కూడా అంత సంతోషం లేదు.

వారం చివరి రోజున ఆవిడని ఇంటికి పంపేశారు. కొడుకులు చక్రాల కుర్చీ పట్టుకుని బయట నిలబడ్డారు. ఒళ్ళంతా కప్పే నల్ల అబాయా ఆవిడకి తొడిగే పని అమ్మ నాకే చెప్పి, తను దూరంగా నిలబడింది. నేను ముందు రెండు చేతులూ చూపించాను. అడిగాను. ఆవిడ నా చేతిని ఒకసారి నొక్కాక, నాకు తెలియకుండానే "బిస్మిల్లా" అని, పడిపోయిన ఆ కుడి చేతిని ముందుగా గుడ్డలో దూర్చాను. వెనక్కి తిరిగి చూస్తే అమ్మ నావైపే చూస్తోంది. ఆ చూపులో ఏముందో నాకు తెలియలేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి అమ్మ ఎప్పటిలాగే టబ్బులో కాళ్ళు పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నేను వెళ్ళి కింద కూర్చున్నాను. ఆ కాళ్ళని నేను దగ్గర్నుంచి చూడటం అదే మొదలు. చీలమండలు వాచి ఉన్నాయి, మేజోడు అంచు పడినచోట గాడి పడి ఉంది, పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బి ఉన్నాయి. ఇంతమందిని లేపి నిలబెట్టిన కాళ్ళు. జాలి రావలసిన చోట నాకు భయం లాంటి గౌరవం కలిగింది.

"పట్టనా?" అని చేతులు చూపించాను. కళ్ళు తెరవకుండానే, "ఇంట్లో కూడా ఏంటే," అని విసుక్కుంది గానీ కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.

కాసేపు పట్టాను. రాసిన పేజీ అప్పటికే చింపేశాను. 'నేను ఒక పెద్దావిడ మంచాన్ని తప్పుగా తిప్పాను' అని కొత్తది మొదలుపెట్టి ఉంచాను. గడువు దగ్గరపడింది. ఇక అడగక తప్పదు. నోటితో అడిగితే ఆమె నోటితోనే చెబుతుంది, నడుం సంగతి, కాళ్ళ సంగతి అన్నీ మళ్ళీ వస్తాయి. తడి చేయి తుడుచుకుని, ఆమె ఎడమ చేతిలో నా చేయి పెట్టాను.

"అమ్మా, అప్లై చేయనా?"

నిద్రపోయిందేమో అనుకున్నాను. తర్వాత ఆ వేళ్ళు బిగుసుకున్నాయి. గట్టిగా, ఒకసారి.

నేను రెండోదానికోసం చూశాను. వంటింట్లో నాన్న గిన్నెలు సర్దుతున్న చప్పుడు. ఆమె మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు చెంప మీదికి జారుతున్నాయి. చేయి అలాగే పట్టుకుని ఉంది. రెండోది రాలేదు.

"నీళ్ళు చల్లారిపోయాయే," అంది. "ఇంకాస్త వేణ్ణీళ్ళు తే."