మా బావ చూడని దానిమ్మ పండు

ముందే చెప్తాండా, మా ఇంట్లో నీళ్ల కుండ పగలగొట్టింది నేనే. కాదనను. కానీ తప్పు మాత్రం నాది కాదు! ఎవరిదో అంతా విని మీరే చెప్పండి. టీ చల్లారిపోతాంది, తాగుతా వినండి.

నాకు రకరకాల కరెన్సీ నోట్లు సేకరించే పిచ్చి ఉందని మీకు తెలుసు కదా. పామిడిలో నా టైలరింగ్ షాపులో జాకెట్లు కుట్టుకుంటా, ఖాళీ దొరికితే ఆల్బమ్ ముందేసుకుంటా. అందులోనూ వేడి తగిలితే రంగు మారే సిరాతో అచ్చేసిన నోట్లంటే ప్రాణం. జనవరిలో బెంగళూరు ఎగ్జిబిషన్‌కు పోయి అట్లాంటిదే ఒకటి తెచ్చుకున్నా. చెలామణి నోటు కాదులే. నోట్లు అచ్చేసే విదేశీ కంపెనీ ఏదో తన సిరా పనితనం చూపించుకోవడానికి వేసిన శాంపిల్. దాని మీద ఎర్రగా నిగనిగలాడే దానిమ్మ పండు. వేలితో రుద్దితే చాలు, ఆ వేడికి పండు మాయం! కింద దాక్కున్న చిలుక బయటపడుతుంది. అచ్చం పండు తినేసి కూర్చున్నట్టే ఉంటుంది. వేలు తీసి కాసేపు ఆగితే పండు మళ్లీ వస్తుంది. నేను రుద్దీ రుద్దీ చూస్తాంటే స్టాల్ అతను, "చాలక్కా, చిలక్కి అజీర్తి చేస్తాది" అన్నాడు.

ఇంటికి తెచ్చి, ప్లాస్టిక్ కవర్ కూడా విప్పకుండా బీరువాలో దాచేసినా. మంచి సందర్భం చూసి అందరికీ చూపించి అదరగొట్టాలని నా ప్లాను.

ఆ సందర్భం మొన్న ఆదివారం వచ్చింది. మే నెల, మిట్టమధ్యాహ్నం, కరెంటు పొద్దున్నే పోయింది. హాల్లో మంచం మీద మా బావ, అంటే మా ఆయన అన్న, కూర్చుని ఉన్నాడు. అందరం ఒకే ఇంట్లో ఉంటాం లెండి. ఆయన మాజీ వార్డు మెంబరు. పదవి పోయింది గానీ తెల్ల చొక్కా ఇస్త్రీ పోలేదు.

"సరళా, బీరువాలో తాళం వేసే అర ఖాళీ చెయ్యమ్మా. నా భూమి కాయితాలు పెట్టుకోవల్ల" అన్నాడు.

"ఆడ నా ఆల్బమ్‌లు ఉండాయి కదా బావా."

"అటక మీద పడెయ్. దుడ్లు పోసి చిత్తుకాయితాలు కొనేది చాలక, మళ్లీ వాటికి బీరువా ఒకటా?"

అటక మీదనా! ఆడ ఎలుకలు పిల్లాపాపలతో కాపురాలు చేస్తాండాయి. ఒక్క వారంలో నా ఆల్బమ్‌లన్నీ పొట్టు పొట్టు చేసిపెడతాయి. నాకు ఒళ్లు మండిపోయింది. మా ఆయన వైపు చూసినా. ఆ మహానుభావుడు పేపర్లో తల దూర్చేసినాడు.

"చిత్తుకాయితమో కాదో చూపిస్తా ఉండండి! రుద్దితే పండు మాయమయ్యే నోటు ఉండాది నా దగ్గర. మాయమైతే అర నాది. కాకపోతే నా చేత్తోనే అన్నీ అటక మీద పెడతా" అని సవాలు విసిరేసినా. మా అత్త కూడా వసారాలోంచి వచ్చి కూర్చుంది.

బీరువా తెరిచి, నోటు తెచ్చి, అందరి ముందూ ఎత్తి పట్టుకున్నా. చూద్దును కదా, పండు లేదు! ఉత్త చిలుక!

"పండు యాడమ్మా?" అన్నాడు బావ.

"మాయమైంది."

"ఇంకా రుద్దనే లేదే!"

"మాయమైతాదని చెప్పినా. అయిందా లేదా?"

"ముందే అయితే లెక్కకు రాదు. తియ్ ఆల్బమ్‌లు."

బెంగళూరోడు ప్యాక్ చేసేటప్పుడు నోటు మార్చేసినాడని నాకు ఖాయమైపోయింది. అందరూ వినాలని స్పీకర్ పెట్టి మరీ ఫోన్ కొట్టినా.

"ఏమప్పా, ఆడ పండు చూపించి ఈడికి ఉత్త చిలకను అంటగడతావా? నన్నేమనుకున్నావు? కోర్టుకు ఈడుస్తా!"

నేను ఊపిరి తీసుకునేదాకా ఆగి, అతను నిదానంగా అడిగినాడు. "అక్కా, మీ ఊర్లో ఎండ ఎంత ఉండాది?"

"నలభై రెండు. అయితే ఏమి?"

"ఆ సిరా ముప్పై దాటితే రంగు పోతాదక్కా. మీ ఊర్లో రుద్దే పనే లేదు. చల్లగా ఉండేచోట పెట్టండి, పండు అదే వస్తాది" అని టక్కున ఫోన్ పెట్టేసినాడు.

హాలంతా నవ్వులే నవ్వులు. అయినా నేనెందుకు తగ్గుతా? కరెంటు లేక ఫ్రిజ్‌లో పాలే విరిగిపోయినాయి. కానీ వంటింట్లో మట్టికుండ ఉంది. మా పొడి గాలికి కుండ నీళ్లు జివ్వుమంటుంటాయి. నోటును కవర్‌తో సహా కుండకు అదిమి పట్టినా. చూస్తుండగానే పండు ఎర్రగా తేలింది! కేకేసి హాల్లోకి పరుగెత్తినా. బావ చేతికి ఇచ్చేసరికి చిలుకే! మళ్లీ కుండ, మళ్లీ పరుగు, మళ్లీ చిలుక.

"మీరే వంటింట్లోకి వచ్చి చూడండి బావా!"

"నేనెప్పుడన్నా వంటింట్లో కాలు పెట్టినానా?" అని దర్జాగా కాలు మీద కాలేసుకున్నాడు.

రాడా? సరే, కుండే ఆయన దగ్గరికి వస్తుంది! నిండా నీళ్లున్న కుండను రెండు చేతులా ఎత్తి, నోటును దానికి అంటించి, వేలితో అదిమి పట్టుకుని బయలుదేరినా. మా అత్త "వద్దే సరళా, వద్దే" అంటానే ఉంది. సరిగ్గా గడప దాటేటప్పుడు చీర కాలికి చుట్టుకుంది. కుండ పోయి మంచం కోడుకు తగిలి భళ్లుమంది. నీళ్లన్నీ బావ మీద!

నోటు యాడ పోయిందని చూస్తే, తడిసిన తెల్ల చొక్కా మీద, సరిగ్గా బావ పొట్టకు అతుక్కుని ఉంది. చల్లటి నీళ్లు కదా, అంత ఎర్రటి పండు నేను బెంగళూరులో కూడా చూడలేదు!

"వచ్చింది! పండు వచ్చింది!" అని మా అత్త చప్పట్లు కొట్టింది. మా ఆయన పేపర్ పారేసి, "అన్నా, కదలాకు!" అని అరిచినాడు.

"యాడ? యాడ?" అంటా బావ కళ్లు తుడుచుకుని, తడుముకుని, నోటును వేళ్లతో పీకి కళ్ల ముందు పెట్టుకున్నాడు. ఇంకేముంది, చిలుక.

ఇద్దరు చూసినారు కాబట్టి అర నాదేనని మా అత్త తీర్పు చెప్పింది. కొత్త కుండ వచ్చేదాకా అందరం వేడినీళ్లే తాగినాం, అందరి తిట్లూ నేను తిన్నా. సారీ చెబుదామని బెంగళూరుకు ఫోన్ చేస్తే అతను నన్ను బ్లాక్ చేసినాడు. చెయ్యనీ, నాకేమి! నా ఆల్బమ్‌లు మాత్రం బీరువాలో, తాళం నా కొంగుకు.

బావ ఇప్పటికీ ఒప్పుకోలేదు. "నేను చూడలేదు, నేను నమ్మను" అంటాడు. నేనూ వదల్లేదు.

"ఇంట్లో చూడనిది మీరొక్కరే బావా," అని చెప్పినా, "అది కాసింది మీ పొట్ట మీదే!"