ఛార్జింగ్ అడిగిన ఆవిడ

చల్లపల్లి నుంచి విజయవాడ వస్తున్న బస్సులో ఒకావిడ నా పక్కన కూర్చుంది. నేను ఒడిలో లాప్‌టాప్ పెట్టుకుని పని చేసుకుంటున్నాను. ఆటోనగర్‌లో ఒక విడిభాగాల కంపెనీకి కంప్యూటర్ల భద్రత చూసేది నేనే.

ఆవిడ ఫోను, వైరు చేత్తో పట్టుకుని, "బాబూ, ఛార్జింగ్ అయిపోయిందండి. ఒక్క ఫోన్ చేసుకోవాలి. కాసేపు దీనికి పెట్టుకోనిస్తారా?" అని అడిగింది.

"కుదరదండీ. బయటివాళ్ల ఫోన్లు దీనికి తగిలించకూడదు. వైరస్ వస్తే కంపెనీ డేటా అంతా పోతుంది," అన్నాను. ఆ రూలు పెట్టింది కూడా నేనే.

"పర్లేదండి," అంటూ ఆవిడ వైరు చుట్టి సంచిలో పెట్టుకుంది.

ఉయ్యూరు దాటాక ముందు సీటాయన్ని అడిగి ఆయన ఫోన్ తీసుకుంది. "ఆపరేషన్ అయిందా? అమ్మాయికి తెలివొచ్చిందా?" అని అడిగింది. నా ఫోన్ నా జేబులోనే ఉంది. అది ఇవ్వాలని నాకు తట్టనే లేదు.

మాట్లాడడం అయ్యాక నావైపు తిరిగి, "గండం గడిచిందండి. మీరేమీ అనుకోకండి, రూలు రూలే కదా," అంది. నేను లాప్‌టాప్ మూసేశాను.

కంపెనీలో కొత్తగా చేరినవాళ్లకు ఇప్పటికీ ఆ రూలే చెబుతాను. ఎవరైనా ఛార్జింగ్ అడిగితే మీ ఫోన్ ఇచ్చి మాట్లాడించండని కూడా చెబుతాను. అదెందుకని ఎవరైనా అడిగితే మాత్రం మాట మార్చేస్తాను.