మత్తుకు లొంగని ఒట్టు

కోసే డాక్టరుకు శాలువా కప్పుతారు, కుట్లు విప్పే నర్సుకు స్వీటు డబ్బా ఇస్తారు. నేను మాత్రం ఎవరికీ గుర్తుండను. కరీంనగర్ నుంచి మంచిర్యాల దాకా ఏ నర్సింగ్ హోమ్ పిలిస్తే అక్కడికి సంచి పట్టుకుని పోయే మత్తు డాక్టరమ్మను. పేషెంటుకు నేను కనిపించేది కళ్ళు మూతపడే ముందు కాసేపు, తెరిచాక కాసేపు. ఆ మధ్యలో ఊపిరి ఆడించేది నేనే అని చెబితే, "సూదే గద మేడమ్ ఇచ్చేది" అంటారు.

నా సంచిలో ముఖ్యమైనవి మూడు రకాలు. నిద్రపుచ్చేది, నొప్పి తెలియనివ్వనిది, కండరాలు సడలించేది. సర్జన్ల ప్రేమంతా మూడోదాని మీదే. కడుపు మెత్తబడితే వాళ్ళ చెయ్యి హాయిగా ఆడుతుంది. ఈ మూడోదాని పూర్వీకుడు ఎక్కడో దూరదేశపు అడవుల్లో వేటగాళ్ళు బాణాలకు పూసిన విషం. బాణం తగిలిన జంతువు కుప్పకూలుతుంది. కాలు కదపలేదు, అరవలేదు, చివరికి ఊపిరీ తీసుకోలేదు. తెలివి మాత్రం పోదు. ఇప్పటి మందులూ అంతే. నరం చెప్పే మాటను కండరానికి చేరనివ్వవు, మెదడు జోలికి పోవు. అందుకే నిద్ర పట్టకముందే దీన్ని ఇస్తే మనిషి శవంలా పడుకుని, కత్తి దిగడం మొదలు అన్నీ తెలుసుకుంటూనే ఉంటాడు. చదువుకునే రోజుల్లో ఈ పాఠం విన్నప్పటి నుంచి నాకు ఈ వృత్తిలో ఉన్న పెద్ద భయం ఇదే.

ఒకరోజు మంచిర్యాలలో ఒక అవ్వకు పిత్తసంచిలో రాళ్ళు తీసే ఆపరేషన్. అవ్వతో కొడుకు వచ్చాడు, కొడుకుతో ఒక గుంపు వచ్చింది. ఆయన ధర్మపురి దగ్గర ఏదో ఊళ్ళో సర్పంచుగా నిలబడదామని చూస్తున్నాడట. నిద్రమాత్రల పొడి కలిపిన కల్లు అమ్మే దుకాణాన్ని మూయిస్తానని సభలు పెడుతున్నాడట. ఇవన్నీ గుంపే నేను అడక్కుండా చెప్పింది. మంచి పనే. ఆ పొడి కల్లు మా వైపు ఎన్ని కొంపలు ముంచిందో నాకు తెలుసు.

"అవ్వా, ఏమన్న అలవాటున్నదా? కల్లు గిట్ల?" అని అడిగాను.

పేషెంటును అడిగితే బంధువులు జవాబు చెప్పడం మా దగ్గర ఆచారం.

"చీ చీ, మా అవ్వ వాసన గూడ చూడది మేడమ్. ధర్మపురి నర్సన్న దేవుని సాక్షిగ చెప్తున్న" అన్నాడు కొడుకు. గుంపంతా తలలూపింది. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూసింది. నమ్మకం కలగక లోపలికి తీసుకెళ్ళి విడిగా మళ్ళీ అడిగాను. అడ్డంగా తల ఊపింది.

బల్ల మీద పడుకోబెట్టాం. నిద్రపుచ్చే మందు పాలలా తెల్లగా ఉంటుంది. అవ్వ వయసుకూ ఒంటికీ తగ్గట్టు ఎక్కించాను. మామూలుగా అయితే మాట మధ్యలోనే కళ్ళు వాలిపోవాలి. అవ్వ కళ్ళు వాలలేదు. సరుకు తెలిసిన మనిషిలా సిరంజి వైపు తల తిప్పింది.

"గిదేంది బిడ్డా, సూస్తె కల్లు లెక్కనే ఉన్నది, జోరు మాత్రం లేదు. నీళ్ళు కలిపిండ్రా?"

నవ్వొచ్చింది. వెంటనే అవ్వకు కల్లు అలవాటేనని అర్థమై భయమేసింది. రోజూ పొడి కల్లు తాగే ఒంటికి ఆ మత్తు అలవాటైపోతుంది. నా తెల్లమందు కూడా మెదడులో దాదాపు అదే తలుపు తడుతుంది, అలవాటుపడ్డ తలుపు మామూలుగా తడితే తెరుచుకోదు. కండరాల మందుకు మాత్రం ఈ అలవాటుతో పనిలేదు. చేతులు కాళ్ళు ఎప్పటిలాగే పడిపోతాయి, నిద్ర ఒక్కటే రాదు.

గౌను తొడుక్కుని సిద్ధంగా ఉన్న సర్జన్ గారికి ఓపిక తక్కువ. "ఎందుకు మేడమ్ ముచ్చట్లు? రిలాక్సెంట్ ఇచ్చేయండి, అదే పడుకుంటుంది" అన్నారు.

"ముందు మీకిచ్చి చూద్దామా సార్? మీరూ కదలకుండా పడుకుంటారు" అన్నాను. మాస్కు వెనక ఆయన మొహం ఎలా పెట్టారో తెలియదు.

అవ్వ చెవి దగ్గరికి వంగాను. "రోజు తాగుతవా అవ్వా? నిజం చెప్పు."

"చెప్పరాదు బిడ్డా. కొడుకు ఆని తల మీద నా చెయ్యి పెట్టిచ్చుకొని ఒట్టేయిచ్చుకున్నడు. తప్పితే ఆనికి ఏమన్న అయితది."

నాకు ఒళ్ళు మండింది. పొడి కల్లు దుకాణం మూయించే పెద్దమనిషి, అది తాగే సొంత తల్లికి వైద్యం చేయిద్దామనుకోలేదు, నోరు మూయిద్దామనుకున్నాడు. ఈమె తెలివుండగానే కడుపు కోయించుకోవడానికైనా సిద్ధమే గానీ ఒట్టు తప్పడానికి సిద్ధంగా లేదు.

"గా ఒట్టు నేను తీసి గట్టున పెడుతున్న అవ్వా. ఏమన్నయితే నాకే కానియ్యి. ఇగ చెప్పు."

ఈ వైద్యం మెడికల్ కాలేజీలో నేర్పరు, మా అమ్మమ్మ నేర్పింది. అవ్వ నా మొహంలోకి చూసింది, మాట మీద నిలబడే మనిషినేనా అని కాబోలు.

"రోజు తాగుత బిడ్డా. పొద్దుమూకినంక సీసా లేకుంటే కన్ను మూతవడది, చేతులు వణుకుతయి."

నొప్పి మందు, తెల్లమందు చూసి చూసి పెంచాను. గాఢంగా నిద్రపోయిందని తేల్చుకున్నాకే మూడోది ఇచ్చాను. మధ్యలో సర్జన్ గారు "కడుపు గట్టిగుంది" అని గొణిగారు. మానిటర్ మీద గుండె వేగం పెరుగుతోంది. అవ్వ కంటి కొసన ఒక నీటి చుక్క. రెండూ నిద్ర పలచబడుతున్న గుర్తులే. ముందు నిద్రమందు పెంచి, అది అందాక ఆయనకు కావలసిన మూడోది ఇచ్చాను. ఆ కాస్త ఆలస్యం ఆయనకు నచ్చలేదు. తెగేది ఆయన కడుపు కాదు కదా. కల్లు ఆగిపోతే మొదలయ్యే వణుకుకు ఏ మందు ఇవ్వాలో నర్సుకు చెప్పి పెట్టాను గానీ, ఆ నీటి చుక్క మాత్రం నన్ను చివరిదాకా వదల్లేదు.

అవ్వ కళ్ళు తెరవగానే అదే అడిగాను. "కోసేటప్పుడు ఏమన్న తెల్సిందా అవ్వా? మాటలు ఇనవడ్డయా?"

"ఏం తెల్వలే" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో బలం లేని చేత్తోనే నా చెయ్యి పట్టుకుంది. "నా కొడుకు మంచిగనే ఉన్నడా? జర సూసి రాపో బిడ్డా."

తలుపు తెరిచాను. కొడుకు గబగబా ఎదురొచ్చి, గుంపుకు వినబడకుండా గొంతు తగ్గించాడు.

"మేడమ్, మత్తుల అవ్వ ఏమన్న మాట్లాడిందా?"

"మాట్లాడింది" అన్నాను. "నువ్వు మంచిగున్నవో లేవో చూసి రమ్మన్నది."