అమ్మ పాదం మీద నా పాదం

మొన్నామధ్య స్నానాలగదిలో జారి మడమ బెణికించుకున్నాను. కట్టు విప్పిన తరువాత కూడా పాదం బిగుసుకుపోయి మాట వినకపోతుంటే, మా కోడలు నన్ను మార్కాపురంలో ఫిజియోథెరపీ చేసే చోటికి తీసుకుపోయింది. మనవరాలి ఈడు పిల్ల ఒకతి తెల్లకోటు తొడుక్కుని వచ్చి, నన్ను బల్ల మీద చేరగిలబెట్టి, తన అరచేతిని నా పాదం పైన బరువుగా ఆనించి, "అమ్మమ్మా, నా చెయ్యిని మీ పాదంతో పైకి ఎత్తండి చూద్దాం" అన్నది. నేను ఎత్తలేదు. నాకు చెవుడనుకుని పాపం మళ్ళీ గట్టిగా అరిచింది. చెవులు బాగానే ఉన్నాయి తల్లీ, మనసే అక్కడ లేదు. అది బేస్తవారిపేట దగ్గర మా పల్లెకు, దొరలింకా ఏలుతున్న రోజులకు, మా ఊళ్ళన్నీ కర్నూలు జిల్లాలో ఉన్న కాలానికి పోయి కూర్చున్నది.

నా ఈడువాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు గాని, ఈ కాలం పిల్లలు నవ్వుతారేమో, నేను ఎదురుకాళ్ళతో పుట్టినదాన్ని. అందరి బిడ్డల మాదిరి తల ముందు పెట్టకుండా కాళ్ళు ముందు పెట్టి లోకంలోకి వచ్చాను. అట్లా పుట్టినవాళ్ళు కాలితో తొక్కితే నడుముపట్టు వదులుతుందని మా వైపు గట్టి నమ్మకం. అందువల్ల నాకు ఊహ తెలిసేనాటికే నేను మా ఊరి వైద్యురాలిని. మోట తోలుతూ నడుము పట్టేసినవాళ్ళు, కట్టెలమోపు ఎత్తబోయి కలుక్కుమన్నవాళ్ళు గోడలు పట్టుకుని మూలుగుతూ వచ్చి మా వాకిట్లో బోర్లా పడుకునేవాళ్ళు. "పాపా, ఒక్క తొక్కు తొక్కిపో తల్లీ, నీకు పుణ్యముంటది" అని బతిమాలేవాళ్ళు. నేను ఆడుకుంటున్న గచ్చకాయలు పక్కన పడేసి, మా నాయనమ్మ చెయ్యి పట్టుకుని, వాళ్ళ నడుము మీద మెల్లగా తొక్కి దిగి, పెద్దవాళ్ళను తన్నిన పాపం అంటకుండా ఆ వెంటనే వాళ్ళ కాళ్ళకు దణ్ణం పెట్టేదాన్ని. తన్నడమూ నేనే, మొక్కడమూ నేనే! బెల్లంముక్కో గుప్పెడు చెనక్కాయలో చేతిలో పడేవి. ఎవరికైనా తగ్గకపోతే తొక్కించుకున్న వారం మంచిది కాదని నాయనమ్మ తేల్చేసేది. నా కాలికి వంక పెట్టనిచ్చేది కాదు.

నాకు ఏడెనిమిదేళ్ళున్న ఏడు, చలికాలంలో అమ్మకు కాన్పు వచ్చింది. నొప్పులు మొదలై పొద్దులు గడిచాయి గాని కాన్పు కాలేదు. మంత్రసాని తన చేతనైనదంతా చేసింది, నాయనమ్మ ఉన్న దేవుళ్ళందరికీ మొక్కింది, నాయన వాకిట్లో గుంజకు ఆనుకుని అట్లాగే నిలబడిపోయాడు. చివరికి పుట్టిన తమ్ముడు ఏడవలేదు. అమ్మ మాత్రం దక్కింది. పురుడు తీరిన రోజున స్నానానికని లేవబోయి అమ్మ కూలబడిపోయింది. కుడికాలు ఆమెది కానట్టే ఉంది. పాదం వేలాడిపోయి, వేళ్ళు కిందికి వాలిపోయి, ఎంత ఎత్తమన్నా ఎత్తలేకపోయింది. బాలింతవాతం అన్నారు అందరూ. వావిలాకు కాచిన నీళ్ళు పోశారు, ఆముదం కాచి మర్దన చేశారు, కదలకుండా పడుకుంటే అదే వస్తుందన్నారు. కదలకుండా పడుకోవడమెంత పొరపాటో మాకెవరికీ తెలియదు. అయినా అమ్మకు కదలాలని మాత్రం ఎక్కడుంది, కళ్ళు తెరిచి వాసాలు చూస్తూ పడుకునేది.

ఇక మిగిలింది ఇంట్లో ఉన్న వైద్యం. ఊరందరి నడుములూ బాగుచేసిన పిల్ల కన్నతల్లిని బాగుచెయ్యదా అని నాయనమ్మ అమ్మను బోర్లా తిప్పి పడుకోబెట్టింది. నేను తొక్కాను. దిగి దణ్ణం పెట్టాను. ఏమీ కాలేదు. మర్నాడూ తొక్కాను, ఆ మర్నాడూ తొక్కాను. ఎన్నడూ లేనిది, వారం మంచిది కాదని నాయనమ్మ ఆ సారి అనలేదు. నాకు భయం వేసింది దానికే. నీళ్ళకు పోయిన చోట ఆడవాళ్ళు గుసగుసలాడుకోవడం కూడా నా చెవిన పడింది. తల్లికడుపును తన్నుకుంటూ వచ్చిన పిల్ల, ఆ తన్ను ఇప్పుడు బయటపడింది అనుకున్నారు. ఆ రోజు నుంచి ఎవరు బతిమాలినా నేను ఎవరి నడుమూ తొక్కలేదు, గాదె పక్కన సందులో పోయి దాక్కునేదాన్ని.

ఇంతలో మా పెదనాయన వచ్చి కూర్చున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, వ్యవసాయం తెలిసినవాడు, అంతే. మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. తొలకరికి విత్తే గొర్రు కట్టినప్పుడు నాయన ఎడ్లు తోలితే, గొర్రు వెనకాల నడుస్తూ జడ్డిగంలో, అదే గొర్రు మీది చెక్క గిన్నెలో, విత్తనం పోసే చెయ్యి ఇంటి ఇల్లాలిదే అయ్యుండాలి. కూలిమనిషి చేత పోయిస్తే ఇంటికి అచ్చిరాదంటారు. "తొలకరి దాకా చూద్దాం. లేచిందా సరే. లేవకుంటే ఇంటికో ఆడదిక్కు గావాల గదరా" అన్నాడు పెదనాయన. నాయన తల వంచుకుని కూర్చున్నాడు. పెదనాయన వెళ్ళిపోయాక లోపలి నుంచి అమ్మ గొంతు వినిపించింది. "మా చెల్లెల్నే తెచ్చుకో. పరాయిదైతే నా బిడ్డను చూడదు" అన్నది. కోపంతో అన్నది కాదు, ఏడుస్తూ అన్నది కూడా కాదు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది. నాయన పంచె దులుపుకుని బయటికి పోయాడు. మా పిన్నంటే నాకు ప్రాణం, అయినా ఆ పూట నుంచి పిన్ని పేరు వింటేనే లేచి వాకిట్లోకి పోయేదాన్ని.

నాయనమ్మ పట్టు వదలలేదు. పొయ్యిలో ఇటుక కాల్చి, గుడ్డలో చుట్టి, అమ్మ పాదానికి కాపడం పెట్టడం మొదలుపెట్టింది. ఒక రోజు అమ్మ అబ్బా అని కూడా అనకుండా కూర్చుంది గాని ఇంట్లో మాడు వాసన వచ్చింది. గుడ్డ తీస్తే పాదం పైన తోలు బొబ్బలెక్కి ఊడి వచ్చింది. అమ్మ దాన్ని ఎవరిదో పాదాన్ని చూసినట్టు వింతగా చూసింది. "అయ్యో, నా చేతులు పడిపోను, కాల్చినానే నిన్ను! కాలతాంటే చెప్పొద్దా తల్లీ!" అని నాయనమ్మ గుండెలు బాదుకుంది. స్పర్శ లేని కాలికి కాలితే తెలియదని ఆమెకెట్లా తెలుస్తుంది? పుండు ముదిరి జ్వరం వచ్చేసరికి నాయన ఎవరినీ అడగకుండా బండి కట్టి, వరిగడ్డి పరిచి, పూట ప్రయాణం ఉన్న మిషన్ ఆసుపత్రికి అమ్మను తీసుకుపోయాడు. నాయనమ్మ వెంట నేనూ ఎక్కి కూర్చున్నాను, దిగమంటే దిగలేదు.

అక్కడ డాక్టరు దొరసాని గుండుసూదితో అమ్మ కాలంతా గుచ్చి గుచ్చి చూసి, నిదానమైన తెలుగులో, కాన్పు ఆలస్యమై బిడ్డ తల లోపలి నరాన్ని నొక్కేసిందని, అది తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, పుండు మానగానే కాలికి రోజూ పని చెప్పాలని అన్నది. ఆ పని చెప్పే బాధ్యత ఒక నర్సమ్మకు అప్పగించింది. నర్సమ్మ మా పక్క ఊరి క్రైస్తవుల పేట మనిషి. వాళ్ళమ్మ మా చేలో కోతలకు వచ్చేది. నాయనమ్మ ఆమెను గుర్తుపట్టి కొంగు దగ్గరికి లాక్కుంది. నర్సమ్మ అమ్మను తాకి పోయిన ప్రతిసారీ నాయనమ్మ ఆసుపత్రి వెనక్కు పోయి నెత్తిన నీళ్ళు గుమ్మరించుకునేది. నర్సమ్మకు ఆ సంగతి తెలియక కాదు. "అవ్వా, ఊరికే మునగమాక, జొరమొస్తే నిన్నూ నేనే చూడాల" అని నవ్వుతూ పోయేది. కొన్నాళ్ళకు నాయనమ్మ ఆ స్నానాలు మానేసింది. మరిచిపోయిందో, మరిచిపోయినట్టు నటించిందో, ఆమెకే తెలియాలి.

పాదం వాలిపోకుండా ఆనించి కట్టడానికి ఒక పలక తెమ్మంటే, నాయన నిజంగానే మార్కాపురం రాతిపలక కోసం బయలుదేరబోయాడు. చెక్కపలక అని నర్సమ్మ పకపకా నవ్వి చెప్పాల్సి వచ్చింది. కట్టయితే కట్టింది గాని అమ్మ చేత పని చేయించడం ఆమె వల్ల కాలేదు. వేళ్ళు ఎత్తమంటే అమ్మ గోడవైపు తిరిగేది. బిడ్డ పోయింది, కాలు పోయింది, ఇల్లు పోబోతోంది, వేళ్ళెత్తి ఏం చేసుకోను అన్నట్టు ఉండేది. అప్పుడు నాయనమ్మే నన్ను ముందుకు తోసి, ఊరందరికీ పని చేసిన కాలు తల్లికి చెయ్యకపాయెనే అని నర్సమ్మతో చెప్పుకుని ఏడ్చింది. నేనూ వలవలా ఏడ్చాను. నర్సమ్మ నవ్వలేదు. గొంతుక్కూర్చుని నా కన్నీళ్ళు తుడిచి, "నీ కాలు పని చెయ్యక కాదు పాపా, తొక్కే తావు తప్పినావు. నడుము గాదు, పాదం తొక్కాల" అన్నది.

నన్ను అమ్మ ఎదురుగా మంచం పట్టె మీద కూర్చోబెట్టి, పుండు మానిన పాదం మీద నా పాదం పెట్టించింది. నేను మెల్లగా తొక్కాలి, అమ్మ నా పాదాన్ని పైకి ఎత్తాలి. అంతే వైద్యం. మొదట్లో అమ్మ కదిలేది కాదు. ఆ పైన నా మొహం చూసి, నేను మళ్ళీ ఏడుస్తానేమోనని కళ్ళు మూసుకుని కష్టపడేది. నుదుట చెమట పట్టేది గాని పాదం లేచేది కాదు. నర్సమ్మ మడమ కింద చెయ్యి పెట్టి సాయం పట్టేది. అట్లా ఎన్నాళ్ళు చేశామో లెక్కపెట్టలేదు. ఒకనాడు నా అరికాలి కింద ఏదో కదిలింది, పిట్టపిల్ల గుప్పిట్లో కదిలినట్టు. నేను కెవ్వుమన్నాను. అమ్మ కళ్ళు తెరిచి తన బొటనవేలును చూసుకుని, "ఎంత బరువున్నావే గాడిదా!" అన్నది. తమ్ముడు పోయిన తరువాత అమ్మ ముఖాన నవ్వు చూడడం అదే మొదలు. నాయనమ్మ నర్సమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

ఇంటికి వచ్చాక కూడా పొద్దునా సాయంత్రం మా తొక్కుడు మానలేదు. గోడ పట్టుకుని ఒకసారి, నా భుజం పట్టుకుని ఒకసారి, ఏమీ పట్టుకోకుండా ఒకసారి అమ్మ నడక నేర్చుకుంది. ఈలోగా వేసవి ముగిసింది. తొలివాన పడి నేల వాసన రాగానే పెదనాయన మళ్ళీ వచ్చాడు. ఇంట్లో నడిచినంత మాత్రాన చాలదు, దున్నిన చేలో గొర్రు వెంట నడవాల గదా అన్నాడు. ఆ మాట అన్యాయం కాదు. మెత్తటి మట్టిలో మంచికాలు ఉన్నవాళ్ళకే మడమలు దిగబడతాయి. మర్నాడు తెల్లవారి నాయన ఒక్కడే గొర్రు భుజాన వేసుకుని, ఎడ్లను తోలుకుని చేనికి పోయాడు. అమ్మ విత్తనాల మూట నడుముకు కట్టుకుని, నన్ను తోడు తీసుకుని, చేనికి వచ్చింది.

గట్టు మీద పెదనాయన నిలబడి ఉన్నాడు. నాయన గొర్రు పూన్చి, ఎడ్ల మెడలు నిమురుతూ, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు కనిపించకుండా ఎదురుచూస్తున్నాడు. అమ్మను చూసి, "ఏంది, పొద్దెక్కిందాకా ఇంట్లో ఏం జేస్తన్నావు? అదును పోతాంటే!" అని కసురుకున్నాడు. అంత ముద్దయిన కసురు నేను నా జన్మలో వినలేదు. అమ్మ గొర్రు వెనక నిలబడి ఎడమచెయ్యి జడ్డిగం మీద వేసి, కుడిచేత్తో విత్తనం తీసింది. నాయన ఒక్కసారి కూడా వెనక్కు తిరగలేదు. కానీ మా ఎడ్లు అంత నిదానంగా నడవగలవని ఆ రోజే తెలిసింది. ఏందిరా ఎడ్లు నిద్రపోతన్నాయా అని పెదనాయన గట్టు మీద నుంచి అరిచాడు. చేను మలుపులో అమ్మ తూలి గొర్రు పట్టుకుంది. నాయన సరిగ్గా అప్పుడే ఎడ్లను ఆపి, బాగానే ఉన్న పలుపుతాడును విప్పి మళ్ళీ కట్టాడు, తీరిగ్గా. చేను ఆ చివరికంటా పోయేసరికి పెదనాయన తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని, ఇంక మా చేనుకు పోవాల అంటూ వెళ్ళిపోయాడు. పిన్నిని ఆ మరుసటేడు వెలిగండ్ల వైపు ఇచ్చారు, హాయిగా సంసారం చేసుకుంది. నర్సమ్మను ఏదో దూరపు ఆసుపత్రికి పంపేశారు, మళ్ళీ కనబడలేదు. ఊళ్ళో అందరూ ఆ ఘనత నా కాలికే కట్టబెట్టి మళ్ళీ మా వాకిట్లో బోర్లా పడుకోసాగారు. నేనేం కాదనలేదు లెండి.

విత్తిన రోజు చేనినుంచి వచ్చాక మాత్రం అమ్మ పాదం ఉబ్బిపోయి, పాత పుండు మచ్చ ఎర్రగా చిట్లింది. నేను నాయనను పిలవబోతే నా నోరు మూసి, "చెప్పమాక" అన్నది. బతికినన్నాళ్ళూ ఆమె ఆ మాట మీదే నిలబడింది. ఎంత వాచినా కాలు నొప్పి అని ఎవరితోనూ అనలేదు, నాయన చూస్తుండగా కూర్చుని కాలు పట్టుకోలేదు. ఇంత ప్రేమ ఉన్న మొగుడి ముందు కూడా ఆమెకు ధైర్యం చాలలేదు. లేవలేకపోతే ఇల్లు తనది కాకుండా పోతుందని ఒకసారి తెలిసిన మనిషి మరి.

ఇప్పుడు ఎన్ని వచ్చాయి! పట్టణానికి నాలుగు ఫిజియోథెరపీ దుకాణాలు, కరెంటు కాపడాలు, రబ్బరు పట్టీలు. నాకు అవన్నీ గొప్పగానే ఉన్నాయి గాని వాటన్నిటికంటే గొప్పగా అనిపించేది ఒకటుంది. నేను అబ్బా అంటే కోడలు వంటింట్లోంచి పరుగెత్తుకొస్తుంది, కొడుకు ఆఫీసు నుంచి ఫోను చేస్తాడు, నన్ను కూర్చోబెట్టి చేతికి కంచం అందిస్తారు. నా చోటు నాకు ఎక్కడికీ పోదు. ఈ సుఖం మా అమ్మకు ఒక్క పూట కూడా దక్కలేదు. అందుకే చీమ కుట్టినంత నొప్పికి కూడా నేను వీధంతా వినబడేటట్టు అరుస్తాను. ముసలిది నాటకాలాడుతోందని మావాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీయండి, నేను ఇద్దరికీ కలిపి అరుస్తున్నాను.