మాడు వాసన

కారం మిల్లులో ఆమెను అందరూ ముక్కమ్మ అంటారు. బస్తా మూతి విప్పి, గుప్పెడు ఎండుమిరపకాయలు విరిచి వాసన చూస్తుంది. బాగుంటే బస్తా మీద సుద్దముక్కతో అడ్డగీత గీస్తుంది. ముక్కిన వాసన వస్తే గీయదు. గీత లేని బస్తా మరలోకి పోదు. పద్దెనిమిదేళ్ళుగా ఆమె పని ఇదే.

నలభై రోజుల కిందట జ్వరం వచ్చింది. పోతూ పోతూ వాసనను వెంట తీసుకుపోయింది. నాలుక మీద మంట తెలుస్తుంది, ఉప్పు తెలుస్తుంది. అంతకు మించి ఏమీ లేదు. సబ్బూ కిరసనాయిలూ ఒకటే. తిరిగి రావచ్చన్నాడు డాక్టరు. రాకపోవచ్చనీ అన్నాడు.

ముక్కు పోయిన ముక్కమ్మను ఎవరు ఉంచుకుంటారు? ఎవరికీ చెప్పలేదు. కాయ రంగు చూసి, వేళ్ళతో చెమ్మ చూసి, ఊపిరి పీల్చినట్టు నటించి గీతలు గీస్తూ వచ్చింది. గీసిన ప్రతిసారీ ఆ బస్తా వైపు మళ్ళీ ఒకసారి చూసేది.

నెలాఖరు శనివారం మిల్లులో తలో కూరా తెచ్చుకుని కలిసి తింటారు. షరతు ఒకటే. మిల్లు కారం వెయ్యాలి, తిన్నవాళ్ళ కళ్ళలో నీళ్ళు తిరగాలి. పోయిన నెల ఒంట్లో బాగాలేదని తప్పించుకుంది. ఈసారి కుదరలేదు.

ఆ పొద్దున శనగల కూర పొయ్యి మీద పెట్టి, కూతురికి జడ వేయడానికి పక్కగదిలోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి గరిటెకు అడుగున ఏదో గట్టిగా తగిలింది. గీకి, అంతా కలిపేసింది. తప్పు అక్కడే జరిగింది. వాసన తెలిసిన మనిషైతే అడుగున మాడింది కదపకుండా పైకూర వేరే గిన్నెలోకి తీసేది.

"వాసన ఎలా ఉందే?" అని కూతుర్ని పిలిచింది.

"నాకు జలుబు కదమ్మా, వారం నుంచీ."

మొగుడు పొద్దున్నే బస్సు డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆ పూట ఇంట్లో పనిచేసే ముక్కు ఒక్కటీ లేదు.

మిల్లులో గోనెలు పరుచుకుని కూర్చున్నారు. ఆమె గిన్నె మూత తీశారు. అందరి చేతులూ ఆగిపోయాయి. ఆమెకు ముఖాలు మాత్రమే కనిపించాయి.

"మాడు వాసన" అన్నాడు మర నడిపే పెద్దాయన. ఆయన్ని అందరూ మామ అంటారు. "ఏం కోడలా, ముక్కు ఇంట్లో గూట్లో పెట్టి మర్చిపోయావా?"

అందరూ నవ్వారు. యజమాని నవ్వలేదు.

"మాడుతుంటే నీకు తెలీలేదామ్మా?"

ఆమె గిన్నె మీద మూత పెట్టబోయింది.

"మాడటమేంటి సార్" అంది సంచుల మూతులు కుట్టే సూదక్క, వంకాయ కూర వడ్డిస్తూ. "కావాలనే పొగ పట్టించింది. ఘాటు నిలబడుతుందని నిన్న నాతో చెప్పింది. తిని చూడండి."

ఆయన ఒక ముద్ద తిన్నాడు. దగ్గాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "కొత్తగా ఉంది."

"మా ఆవిడ రోజూ పొగ పట్టిస్తుంది సార్" అన్నాడు మామ. "ఇన్నాళ్ళూ తెలీక తిడుతున్నా."

చేతులు కడుక్కునే చోట సూదక్క పక్కకు వచ్చింది. "ఎన్నాళ్ళయింది?"

"ఏంటక్కా?"

"నా దగ్గర దాచకు. మొన్న ఫినాయిలు సీసా పగిలితే అందరం ముక్కులు మూసుకుని పరిగెత్తాం. నువ్వొక్కదానివే తీరిగ్గా తుడుస్తూ కూర్చున్నావు."

"నలభై రోజులు."

సూదక్క కుళాయి కట్టేసింది. "మరి గీతలు గీసిన బస్తాల సంగతి?"

"చాలావరకు మరలోకి పోయాయి. కొన్ని లోపలున్నాయి."

ఇద్దరూ గోడౌన్‌లోకి వెళ్ళారు. సూదక్క ఒక్కో బస్తాలో చెయ్యి పెట్టి, కాయ విరిచి వాసన చూస్తోంది. ఆమె సూదక్క ముక్కునే చూస్తోంది. పదకొండు బస్తాల దాకా ఆ ముఖం కదల్లేదు. పన్నెండో దాని దగ్గర ముక్కుపుటాలు బిగుసుకున్నాయి.

"ముక్కింది" అంది సూదక్క. ఇటూ అటూ చూసి గొంతు తగ్గించింది. "దీన్ని వెనక్కి తోసేద్దాం. రేపట్నుంచి నేను వాసన చూసి చెప్తా, నువ్వు గీత గియ్యి. మూడో కంటికి తెలీదు."

ఆ బస్తా మీద తన గీత ఉంది. తెల్లగా, తిన్నగా. ఇలాంటివి ఎన్ని మరలోకి పోయాయో? ఎవరింట్లో ఎవరి పిల్లల కంచాల్లోకి పోయాయో? కొంగుతో గీతను రుద్దింది. పూర్తిగా పోలేదు.

గుప్పెడు కాయలు తీసుకుంది.

"ఎక్కడికే? పిచ్చా నీకు?"

యజమాని గదికి ఇరవై అడుగులు. ఆయన ఇంకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు. కాయలు బల్ల మీద పెట్టింది.

"వాసన చూడండి సార్. నాకు తెలీడం లేదు."

ఆయన ఆమెను చూశాడు. కాయలను చూశాడు. ఒకటి విరిచి ముఖం దగ్గరకు తెచ్చుకున్నాడు. ఆమె ఆయన ముక్కు వంకే చూస్తూ నిలబడింది.